విండ్ మీటరు సున్నా చూపిన ఉదయం

కోవిడ్ ఆంక్షలు పూర్తిగా ఎత్తేసిన మరుసటి సంవత్సరం, సెప్టెంబరు రెండో వారంలో, రాయగడలోని జిల్లా వ్యవసాయ కార్యాలయం నుంచి నా పేరిట ఒక కాగితం వచ్చింది. అప్పుడు నేను కొల్నార బ్లాకులో సహాయ వ్యవసాయాధికారిని. మా శాఖలో ఆ హోదాను ఏఏఓ అంటారు. పైన బ్లాకు అధికారి, కింద ఊళ్ళు తిరిగే వ్యవసాయ కార్యకర్తలు, మధ్యలో మేము. పైనుంచి తిట్లు, కిందినుంచి ఫిర్యాదులు ముందుగా చేరేది మాకే. సస్యరక్షణ, అంటే పైరుకు పట్టే పురుగులూ తెగుళ్ళూ వాటి మందులూ నా బాధ్యత. రిటైరవడానికి ఇంకా రెండేళ్ళుంది.

ఆ కాగితం ఒక అర్జీ. ఒడియాలో ఎవరిచేతనో రాయించి, అడుగున తెలుగులో 'గౌరి' అని సంతకం చేశారు. తన మల్బరీ తోటకు ఎగువన పత్తి చేను ఉందని, రెండింటి మధ్య వరసగా ఉన్న నీలగిరి చెట్లను వేసవిలో కొట్టి కాగితం మిల్లుకు తోలేశారని, ఇప్పుడు అడ్డు లేదని, పత్తికి కొట్టే మందు తన తోట మీద పడితే పట్టుపురుగులు బతకవని సారాంశం. అర్జీ మార్జిన్‌లో పై అధికారి పచ్చ సిరాతో రాశారు: ఏఏఓ స్వయంగా వెళ్ళి చూసి, సర్ది, నివేదిక పంపవలెను.

మందు కొట్టినప్పుడు పడవలసిన ఆకు మీద పడకుండా గాలిలో కొట్టుకుపోయి పక్క చేల మీద, నీళ్ళ మీద, మనుషుల మీద పడే భాగాన్ని మేము డ్రిఫ్ట్ అంటాం. దాన్ని తగ్గించడం మీద నాకు పట్టుదల ఉండేది. అరచేతిలో ఇమిడే విండ్ మీటరు ఒకటి ఎప్పుడూ నా సంచిలో ఉండేది. చిన్న పంకా తిరిగి గాలి గంటకు ఎన్ని కిలోమీటర్ల వేగంతో వీస్తోందో అంకెల్లో చూపిస్తుంది. ఆ మీటరు పుణ్యమా అని బ్లాకులో నాకు 'గాలి బాబు' అన్న పేరు స్థిరపడింది. పంచాయతీ గోడల మీద ఒడియాలోనూ తెలుగులోనూ 'గాలి లేనప్పుడే మందు కొట్టండి' అని రాయించింది కూడా నేనే. శిక్షణ పుస్తకంలో దీనికంటే పొడుగ్గా ఉన్న నియమాన్ని రైతులకు సులువుగా ఉండాలని నేను కుదించాను. రాసే పెయింటరు సైతం బాగుంది సార్, ఒక్క లైనులో సరిపోయింది అని మెచ్చుకున్నాడు. నేను కొంచెం పొంగిపోయాననే చెప్పాలి.

ఆ ఊరి పేరు రాయను. వాళ్ళందరూ ఇంకా అక్కడే ఉన్నారు. కొల్నార నుంచి మోటారుసైకిలు మీద అరగంట. పైన రోడ్డు, దాని పక్కన నాలుగైదు ఇళ్ళు, ఇళ్ళకు దిగువన వాలులో పత్తి, పత్తికి దిగువన మల్బరీ, ఆ కింద గెడ్డ, అంటే వాగు. మల్బరీ తోట మొత్తం వాలులోనే లేదు. కొంత భాగం ఒక మెట్టకు అవతలినుంచి పైకి ఎక్కి రోడ్డు దాకా సాగింది. ఈ సంగతి తరువాత అవసరమవుతుంది.

పత్తి చేను అప్పలనాయుడుది. వాళ్ళ తాతలు శ్రీకాకుళం వైపునుంచి గుణుపూరు వచ్చి, అక్కడినుంచి ఇటు జరిగిన వ్యవసాయ కుటుంబం. అరవైకి దగ్గరవాడు, మాట పెద్దది, మనిషి మంచివాడు. గౌరి అతని అన్న వరసవాడి కూతురు, ఆ ఊళ్ళోనే ఇచ్చారు. ముప్పై ఏళ్ళుంటాయి. భర్త రాయగడలో లారీ నడుపుతాడు. పట్టు శాఖవారి దగ్గర పదిహేను రోజులు శిక్షణ పొంది మల్బరీ వేసింది. మొదటి పంట పురుగులకు జబ్బు వచ్చి పోయింది. రెండోది సగం చేతికొచ్చింది. ఇది మూడోది. ఇది కూడా పోతే తోట పీకేసి ఆ నేలలో నీలగిరి పెట్టాలని అత్తవారింట్లో మాట అనుకున్నారట. ఈ సంగతి ఆమె అర్జీలో రాయలేదు. నన్ను షెడ్డు చూపించడానికి తీసుకెళ్తూ చెప్పింది.

"ఇదొక్కటీ దక్కితే సాలు బాబూ. నా తోట నాకుంటాది," అంది.

పురుగులకు జబ్బు సోకకుండా షెడ్డు గుమ్మం ముందు సున్నం పళ్ళెంలో కాళ్ళు తొక్కించి లోపలికి రానిచ్చింది. మూడు స్టాండ్లు, ఒక్కోదానికి మూడు అరలు, అరల నిండా మల్బరీ కొమ్మలు, వాటి మీద చిటికెనవేలంత పురుగులు. పట్టుపురుగు కుబుసం విడవడాన్ని ఈ వృత్తిలో జ్వరం అంటారు. నాలుగో జ్వరంనుంచి లేచి అప్పటికి మూడో రోజు. ఇక ఐదారు రోజుల్లో గూడు కడతాయి. జీవితం మొత్తంలో తినే ఆకులో ముప్పాతిక పైన ఈ రోజుల్లోనే తింటాయి. అవి తింటుంటే షెడ్డంతా రేకు మీద సన్న వాన పడుతున్నట్టు చప్పుడు. గౌరి ఆ చప్పుడు వింటూ అరల మీద కొమ్మలు సర్దింది. నేనూ విన్నాను.

అక్కడినుంచి పత్తిలోకి వెళ్ళాను. పచ్చదోమ పట్టింది. ఆకు అంచులు పసుపెక్కి కిందికి ముడుచుకుంటున్నాయి. ఆకు తిప్పితే పచ్చని చిన్న పురుగులు అడ్డంగా నడుస్తాయి. మందు తప్పనిసరి అయ్యే హద్దు ఎప్పుడో దాటింది. గూళ్ళు కట్టేదాకా వారం రోజులు ఆగమని అప్పలనాయుడిని అడిగాను.

"వారమంటే ఆకంతా ఎర్రబడిపోద్ది బాబూ. మా అమ్మి పురుగులు బతకాల. ఆటితోపాటు నా సేను కూడా బతకాలి గదా," అన్నాడు. అందులో తప్పు పట్టడానికి ఏమీ లేదు. పైగా అతను కొట్టబోయే మందు పట్టుపురుగుకు ఆకు మీద పొగమంచంత పడినా ప్రాణాంతకం. ఎవరి పని ఆపినా ఎవరో ఒకరు మునుగుతారు. సర్దవలెను అని పచ్చ సిరాతో రాయడం తేలికే.

నేను ఈ విధంగా సర్దాను. మల్బరీ వైపు ఐదు వరసలు మందు కొట్టకుండా వదిలేయాలి. నేనిచ్చే నాజిల్ వాడాలి. నాజిల్ అంటే పంపు కొసన మందు చిమ్మే బిళ్ళ. అప్పలనాయుడి పాత ఇత్తడి నాజిల్ మందును మంచులాగా చిమ్ముతుంది. మా వైపు రైతులకు అదే గొప్ప. ఎంత సన్నగా పడితే అంత మంచి పంపని లెక్క. కాని చినుకు ఎంత సన్ననైతే అంతసేపు గాలిలో తేలుతుంది, అంతదూరం పోతుంది. నేనిచ్చిన నాజిల్ చినుకు లావు చేస్తుంది. మూడో షరతు, మీటరుతో నేను గాలి కొలిచి సరే అన్నాకే పంపు మొదలెట్టాలి. గౌరికి కూడా ఒకటి చెప్పాను: ముందురోజు సాయంత్రమే ఒక మేతకు సరిపడా ఆకు కోసి తడి గోనె కింద దాచుకోవాలి, తెల్లవారి నేను చెప్పేదాకా తోటలో కత్తి పెట్టకూడదు.

"మీరు సెప్తే కోస్తాను. మీరు సెప్పకపోతే కొయ్యను," అంది.

"నాదీ పూచీ," అన్నాను. ఉద్యోగంలో ముప్పై ఏళ్ళు నిండినవాడు అలాంటి మాట అనకూడదు. అన్నాను.

మంగళవారం తెల్లవారుతుండగా చేను గట్టు మీదికి చేరాను. వాన వెలిసి రెండు రోజులైంది. రాత్రంతా మబ్బు లేదు, మంచు బాగా పడింది. గట్టు మీద గడ్డి తడిసి నా పంట్లాం మోకాళ్ళ దాకా తడిసింది. మీటరు తీసి చెయ్యెత్తి నిలబడ్డాను. పంకా కదలలేదు. అటు తిప్పాను, ఇటు తిప్పాను. సున్నా. పత్తాకు ఒక్కటి కూడా ఊగడం లేదు. ఇంత నిశ్చలమైన ఉదయం నా అదృష్టమనుకున్నాను. నోటుబుక్కులో టైము వేసి, గాలి వేగం సున్నా అని రాసి కింద గీత కూడా గీశాను.

అప్పలనాయుడు బ్యాటరీ పంపు వీపుకి తగిలించుకున్నాడు. ముక్కుకు నేనిచ్చిన మాస్కు, తలకు తువ్వాలు. మొదటి వరసలో మందు చిమ్మగానే చూశాను, పడుతున్నది మంచు. నా నాజిల్ తీసేసి పాత ఇత్తడిది పెట్టాడు. అడిగితే, "మీది కుండతో పోసినట్టు పడతంది బాబూ, ఆకు తడిసి కిందికి కారిపోతంది," అన్నాడు. మార్చమని గట్టిగా అనవలసింది. గాలే లేదు కదా, పడిన చోటే పడుతుంది అనుకొని ఊరుకున్నాను.

అంతటితో ఆగినా బాగుండేది. గట్టు దిగి వెళ్ళి గౌరితో, గాలి బొత్తిగా లేదు, భయం లేదు, నిశ్చింతగా కోసుకో అని చెప్పాను. ఆమె దాచిన ఆకు తీసి చూపించింది. ఒక మేతకు తక్కువే ఉంది. అందుకే ఎదురుచూస్తున్నట్టుంది, వెంటనే కత్తీ బుట్టలూ పట్టుకొని తోటలోకి నడిచింది. నేను మళ్ళీ గట్టు ఎక్కాను.

నాలుగో ట్యాంకు నడుస్తోంది. అప్పలనాయుడి తల్లి నీలమ్మ బిందె పట్టుకొని ఇంట్లోంచి దిగివచ్చింది. ఎనభై దాటిన మనిషి. నోట్లో అడ్డపొగ. చుట్ట వెలిగించిన కొసను నోటి లోపల పెట్టుకొని పీల్చడం మా ఉత్తరాంధ్ర వైపు ఆడవాళ్ళకు పాత అలవాటు. ఆమె చుట్ట తీసి, నా చేతిలో మీటరును చూసి, తరువాత చేనును చూసి నిలబడిపోయింది.

"అదేటి బాబూ సూస్తన్నారు?"

గాలి లేదమ్మా, గాలి ఉందో లేదో చూసే మిషను అన్నాను.

"గాలి నేదు, నిజమే. మరి మా పొయ్యి పొగ సూడండి. పైకి లెగడం నేదు. నీరు పారినట్టు గెడ్డలోకి పారతంది. పొగే లెగనప్పుడు మీ మందు లెగుద్దేటి?"

ఆమె చెయ్యి చూపిన వైపు తిరిగాను. పై ఇళ్ళ పొయ్యిలనుంచి వచ్చిన నీలిపొగ ఆకాశంలోకి పోవడం లేదు. పైన ఎవరో మూత పెట్టినట్టు నడుమెత్తున పలచగా పరుచుకొని, పత్తి చేను మీదుగా, చూస్తే తప్ప కదలిక తెలియనంత మెల్లగా దిగువకు జారుతోంది. దాని కింది అంచు గౌరి తోటలోకి చేరి, మల్బరీ మొక్కల మధ్య చిక్కుకుని ఉంది. ఆ పొగలోనే షెడ్డు వైపు నడుస్తున్న గౌరి తల, ఆమె తలమీద బుట్ట కనిపించాయి.

అప్పుడు నాకు పుస్తకంలోని పొడుగాటి నియమం మొత్తం గుర్తుకొచ్చింది. గాలి గట్టిగా వీస్తుంటే మందు కొట్టకూడదు. అసలు గాలి లేని తెల్లవారుజామున కూడా కొట్టకూడదు. మబ్బులేని రాత్రి నేల చల్లబడి, నేలకు అంటుకున్న గాలి పైగాలి కంటే చల్లగా బరువుగా తయారవుతుంది. పైన వెచ్చని పొర మూతలా కూర్చుంటుంది. సన్న చినుకులు అందులో తేలుతూ, విడిపోకుండా, వాలున్న వైపు మొత్తంగా జారిపోతాయి. ఎండెక్కి ఆ పొర విరిగి, తోటకు ఎదురు దిక్కుకు సన్నగాలి మొదలైనప్పుడు కొట్టడమే క్షేమం. కాలేజీలో ఇది చదివాను, శిక్షణల్లో విన్నాను. రైతులకు చెప్పడం కష్టమని రెండో ముక్కను గోడమీదినుంచి కొట్టేసింది నేనే. ఏళ్ళ తరబడి ఒకటే ముక్క చెప్పీ చెప్పీ, రెండోది నా బుర్రలోంచి కూడా పోయింది.

ఆపమని అరిచాను. అప్పలనాయుడు వినిపించుకోక ఇంకో నాలుగడుగులు కొట్టాడు. మళ్ళీ అరిచి, గట్టుమీదినుంచి షెడ్డు వైపు పరుగెత్తాను. యాభై ఎనిమిదేళ్ళ మనిషి తడి గట్టు మీద పరుగెత్తితే ఏమవుతుందో అదే అయింది. లేచి మళ్ళీ పరుగెత్తాను.

నేను వెళ్ళేసరికి గౌరి కొత్త కొమ్మలు మొదటి స్టాండు మూడు అరల మీద వేసేసింది. తోటలో పత్తికి దగ్గరి వరసలవి. ఆకు అక్కడ ఒత్తుగా ఉంటుందని అక్కడే మొదలెట్టింది. మిగిలిన ఆకు రెండు బుట్టల్లో గుమ్మం దగ్గర ఉంది. పురుగులు అప్పటికే కొత్త ఆకు ఎక్కుతున్నాయి. వెయ్యకు అన్నాను. ఆమె చేతిలో కొమ్మ అలాగే పట్టుకొని నా మొహం చూసింది. ఆకు మీద మందు పడిందని చెప్పాను. ఎక్కువ మాటలు పట్టలేదు.

"గాలి నేదన్నారు గదా," అంది.

లేదు, అందుకే పడింది అన్నాను. అది ఆమెకు అర్థమయ్యే మాట కాదని తెలుసు.

ఆమె కొమ్మలు ఎత్తి విదిలించి పురుగులను ఒక్కొక్కటిగా ఏరి వేరే వల మీద వేయడం మొదలెట్టింది. నేనూ కూర్చున్నాను. నీలమ్మ చుట్ట ఆర్పి, సున్నంలో కాళ్ళు తొక్కి, తనూ వచ్చి కూర్చుంది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే అక్షరాలా అదే. ఎంత తిన్నాయో, ఎంత పడిందో ఎవరికీ తెలియదు.

ఇక మిగిలిన ఆరు అరల సంగతి. అవి పొద్దుటి మేత తినలేదు. దాచిన ఆకు ఆరు అరలకు పలచగా చల్లితే అరగంటలో అయిపోయింది. తోటలో ఏ ఆకు మంచిదో, ఏది కాదో కంటికి తెలియదు. ఇలాంటప్పుడు చేసేది ఒకటే ఉంది. రెండు చేటల్లో పాతికేసి పురుగులు పెట్టాం. మొదటి చేటకు బుట్టలోని ఆకు వేశాం. రెండో చేటకు మెట్ట అవతల రోడ్డు పక్కన ఉన్న వరసల ఆకు. అక్కడికి పొగ చేరలేదని నీలమ్మ, నేను ఇద్దరం నిలబడి చూశాం. రెండో చేట పురుగులు మధ్యాహ్నం దాకా బాగుంటే ఆ ఆకు మిగిలినవాటికి వేయవచ్చు. అంతవరకూ ఆరు అరలూ ఆకలితో ఉండాలి.

ఆ ఏడెనిమిది గంటలు నా ఉద్యోగ జీవితంలో అన్నిటికంటే పొడుగైనవి. షెడ్డులో వాన చప్పుడు ఆగిపోయింది. మందు సోకిన పురుగు తల పైకెత్తి అటూఇటూ ఊపుతుంది, తరువాత పచ్చని రసం కక్కుతుంది, ఒళ్ళు ముడుచుకుంటుంది. ఆకలేసిన పురుగు కూడా తల పైకెత్తి ఆకు కోసం అటూఇటూ వెతుకుతుంది. తొమ్మిదింటికి ఆరు అరల్లోనూ తలలు లేచాయి. వేల తలలు. ఇది ఆకలా, విషమా? గౌరి ప్రతి అర దగ్గరికీ వెళ్ళి వంగి చూస్తుంది, నా వైపు తిరుగుతుంది. నేను ఆకలే అంటాను. నా గొంతు నాకే నమ్మకంగా వినిపించలేదు. ఐదు నిమిషాలకొకసారి గడియారం, చేట, అరలు. నేను మంచినీళ్ళు కూడా ముట్టుకోలేదు. ముట్టుకుంటే ఏదో అయిపోతుందన్నట్టు కూర్చున్నాను. చదువుకున్నవాడి మూఢనమ్మకం ఇలా ఉంటుంది.

పదకొండు దాటాక మొదటి చేటలో ఒక పురుగు పచ్చగా కక్కింది. తరువాత ఇంకొకటి. అరగంటలో పాతికలో సగం అడ్డం పడ్డాయి. గౌరి గుమ్మం దగ్గరి రెండు బుట్టలనూ చూసింది. అవి కూడా వేసి ఉంటే తొమ్మిది అరలూ పోయేవి. మొదటి స్టాండు వైపు వెళ్ళడానికి ఆమె కొంచెం వెనకాడింది. వెళ్ళి చూసింది. అక్కడా మొదలైంది.

అప్పలనాయుడు స్నానం చేసి, బట్టలు మార్చి వచ్చి షెడ్డు బయటే నిలబడ్డాడు. మందు పట్టిన మనిషి లోపలికి రాకూడదని అతనికి ఎవరూ చెప్పనవసరం లేదు. తువ్వాలు చేతిలో నలుపుతూ, "అమ్మీ, నాను గాలి లేనప్పుడే కొట్టేనే," అన్నాడు.

"నీ తప్పేటుంది సిన్నాన్నా. సారు సెప్పేరు, మనం ఇన్నాం," అంది గౌరి, చేటలోంచి తల ఎత్తకుండా.

అందులో కోపం లేదు. జరిగింది జరిగినట్టు చెప్పింది. అందుకే ఆ మాట నేను ఇప్పటికీ మరిచిపోలేదు. తిట్టినా దానికంటే తేలికగా ఉండేది.

రెండు గంటలకు రెండో చేట చూశాం. పాతికకు పాతికా ఆకు తిని, ఈనెలు మిగిల్చి, ఇంకా కావాలన్నట్టు అంచులకు పాకుతున్నాయి. అయినా ఇంకో గంట ఆగుదామన్నాను. గౌరి ఆగలేదు. "ఆకలితో సచ్చినా సావే బాబూ," అని కత్తి తీసుకొని రోడ్డువైపు వరసల్లోకి వెళ్ళింది. నీలమ్మ, అప్పలనాయుడి కోడలు, నేను బుట్టలు మోశాం. మూడున్నరకు ఆరు అరల మీద ఆకు పడింది. కాసేపు ఏమీ వినిపించలేదు. తరువాత ఒక మూలనుంచి సన్నగా, ఆ తరువాత అన్ని అరలనుంచీ వాన మొదలైంది. గౌరి గోడకు ఆనుకొని కింద కూర్చుండిపోయింది. సిగ్గుపడకుండా చెబుతున్నాను, బయటికి వెళ్ళి మొహం కడుక్కొని వచ్చాను.

మొదటి స్టాండు మూడు అరలూ పోయాయి. సాయంత్రం గెడ్డకు దూరంగా గొయ్యి తీసి సున్నం చల్లి పూడ్చాం. మిగిలిన ఆరు అరలు గూళ్ళు కట్టాయి. ఒక పూట పస్తున్నందువల్ల గూళ్ళు కొంచెం చిన్నవయ్యాయని పట్టు శాఖవారు చెప్పారు. అయినా పంట పంటే. తోట పీకే మాట అత్తవారింట్లో ఆ ఏడాదికి ఆగింది.

నివేదిక రాయవలసి వచ్చింది. నష్టానికి కారణం అన్న గడి దగ్గర నా కలం ఆగింది. పై అధికారి నా మేలు కోరే, ఆకస్మికంగా గాలి మళ్ళిందని రాస్తే అందరికీ బాగుంటుంది కదా అన్నారు. రిటైర్మెంటు దగ్గరపడిన మనిషికి మచ్చ ఎందుకని ఆయన ఉద్దేశం. రాత్రంతా అదే ఆలోచించాను. గాలి మళ్ళిందని రాస్తే గోడమీది నా వాక్యం నిజమే అవుతుంది, అందరూ దాన్నే పాటిస్తారు. మర్నాడు రాశాను: గాలి వేగం సున్నా, తెల్లవారుజాము, నేలకు అంటిన గాలి పొర చల్లగా ఉంది, సన్న చినుకు నాజిల్ వాడకాన్ని చూసి కూడా నేను ఆపలేదు, మేత కోయమని చెప్పింది నేనే. సంజాయిషీ అడుగుతూ మెమో వచ్చింది. నివేదికలోని మాటలే మళ్ళీ రాసి సంతకం చేసి ఇచ్చాను. కొన్ని నెలలకు ఆ దస్త్రం మూసేశారు.

ఆ చలికాలమంతా పాత పెయింటరునే వెంటపెట్టుకొని పంచాయతీలు తిరిగాను. సున్నం కొట్టి పాత లైను చెరిపించి కొత్తది రాయించాను: పొయ్యి పొగ పైకి లేచి, పొరుగు చేనుకు ఎదురు దిక్కుకు మెల్లగా పోతున్నప్పుడే మందు కొట్టండి, పొగ నేల మీద పారుతుంటే ఆగండి. మూడు లైన్లయింది. చోటు చాలదని పెయింటరు గునిశాడు. ఉన్న చోటులోనే ఇరికించమన్నాను. అప్పలనాయుడు ఇత్తడి నాజిల్ తీసేశాడు. మరుసటి సంవత్సరం పత్తికి, మల్బరీకి మధ్య రెండు వరసల కంది వేశాడు, అడ్డుగా ఉంటుందని.

ఆ సంవత్సరం మందు కొట్టే రోజు నేను వెళ్ళి సంచిలోంచి మీటరు తీయబోతే గౌరి, "మిషను సంచిలోనే ఉండనీండి బాబూ. పైన ముసలమ్మ పొయ్యి ఎలిగించింది, సూద్దాం రండి," అంది. ఎనిమిది దాటేదాకా ముగ్గురం గట్టు మీద కూర్చున్నాం. పొగ నిలబడి, విరిగి, రోడ్డువైపుకు తిరిగాక అప్పలనాయుడు పంపు ఎత్తాడు. మీటరు కూడా తీసి చూశాను. అలవాటు పోలేదు. చాలా తక్కువే, కాని సున్నా కాదు.

రిటైరైన తరువాత ఒక రోజు రాయగడ స్టేషన్లో విజయనగరం బండి కోసం కూర్చున్నాను. బంధుగాం వైపు రైతు ఒకాయన నన్ను గుర్తుపట్టి పక్కకు వచ్చాడు. ఆయన ఊరు నా బ్లాకు కాదు, నా జిల్లా కూడా కాదు. ఎప్పుడో ఒక శిక్షణలో నా మాట విన్నాడట.

"మీ మాట తప్పలేదు బాబూ. మా ఊరు ఊరంతా అంతే. తెల్లారగట్ల, ఆకు కదలనప్పుడే కొడతన్నాం," అన్నాడు సంతోషంగా.

మీ చేలకు దిగువన ఏమున్నాయని అడిగాను. ఇళ్ళున్నాయన్నాడు. పిల్లల బడి ఉందన్నాడు.

నియమాన్ని సులువు చేసేవాడు తీసేసిన ముక్క ఏమిటో, అది ఎవరి మీద పడుతుందో ముందు చూసుకోవాలి. ఒకసారి నోరు దాటిన తప్పు మాట ఎంతదూరం పోయిందో చెప్పినవాడికి తెలియదు. ఎదురైన చోటల్లా ఆగి దిద్దుకోవడం తప్ప వేరే దారి లేదు. ఆ రోజు బండి వచ్చింది. రైతును కూర్చోబెట్టి మొదటినుంచి చెప్పడం మొదలెట్టాను. సగంలో ఉండగా నా బండి వెళ్ళిపోయింది. తరువాతి దానికి వెళ్ళాను.